టిచ్ బటన్లతో ఎండ పాఠం చెప్పడం ఎలా

"అతినీలలోహిత కిరణాల వల్ల చర్మ క్యాన్సర్ ఎలా వస్తుంది?" అని పరీక్షలో అడిగితే, "ఎండ వేడికి చర్మం కాలి కణాలు చెడిపోతాయి" అని రాసిన జవాబులు కొన్ని వందలు దిద్ది ఉంటాను. ఇరవై తొమ్మిదేళ్లు జూనియర్ కాలేజీలో బైపీసీ పిల్లలకు జంతుశాస్త్రం చెప్పాను. మొదటి పదేళ్లు ఆ జవాబుకు సున్నా వేసి ఊరుకున్నాను. తప్పు పిల్లలది కాదని తర్వాత అర్థమైంది. మే నెలలో చీరాల బస్టాండులో నిలబడి వచ్చినవాళ్లకు ఎండ అంటే వడదెబ్బే గుర్తుకొస్తుంది. బోర్డు మీద షట్కోణాలు గీసి పక్కన "థైమిన్ డైమర్" అని రాస్తే ఆ అభిప్రాయం చెరగదు. చేతికి తగిలే వస్తువు ఒకటి కావాలి.

అది మా చెల్లెలి కుట్టు మిషను పక్కన డబ్బాలో దొరికింది. చంటిపిల్లల చొక్కాలకు కుట్టే టిచ్ బటన్లు. వాటితో ఈ పాఠాన్ని రెండు పీరియడ్లలో ఎలా చెప్పవచ్చో రాస్తున్నాను. బడిలో చెప్పేవాళ్లకే కాదు, ఇంట్లో పిల్లలకు చెప్పాలనుకునే తల్లిదండ్రులకూ పనికొస్తుంది.

ముందు వేడి సంగతి తేల్చండి. దుకాణాల్లో నోట్లు పరీక్షించే చిన్న దీపం ఒకటి తెచ్చుకోండి. గది చీకటి చేసి 500 రూపాయల నోటు దాని కింద పెడితే నంబర్లూ, కాగితంలోని సన్నటి పోగులూ మెరుస్తాయి. తెల్ల చొక్కా అంచు పెడితే నీలంగా వెలుగుతుంది, బట్టల పొడిలోని మెరుపు రసాయనం వల్ల. పిల్లల్ని దీపానికి దగ్గరగా చేయి పెట్టి చూడమనండి. వేడి తెలియదు. కంటికి కనిపించనిదీ, ఒంటికి తెలియనిదీ ఏదో వచ్చి తగులుతోందని అప్పుడు నమ్ముతారు. ఇప్పుడు నోటుకూ దీపానికీ మధ్య కిటికీ అద్దం ముక్క పెట్టండి. నోటు ఇంకా మెరుస్తూనే ఉంటుంది. అద్దం మీద ఒక మూల సన్‌స్క్రీన్ రాసి మళ్లీ పెట్టండి. రాసిన మేర మెరుపు పడిపోతుంది. దీపంలోకి నేరుగా చూడనివ్వకండి.

ఇక్కడ మూడు రకాల అతినీలలోహిత కిరణాల గురించి క్లుప్తంగా చెబితే చాలు. సి రకాన్ని ఓజోను పొర నేల దాకా రానివ్వదు. వచ్చేదాంట్లో 95 శాతం దాకా ఎ రకం. అద్దం దాటింది అదే. మిగిలింది బి రకం, 280 నుంచి 315 నానోమీటర్లు. అద్దం దాన్ని ఆపుతుంది, మన చర్మం మీది మృతకణాల పొర పూర్తిగా ఆపలేదు. డీఎన్ఏ అన్నిటికంటే ఎక్కువగా పీల్చుకునేది 260 దగ్గర. బి రకం ఆ కొండకు వాలు మీద ఉంది. వాలు చాలు పని జరగడానికి. చాలా ఇళ్లలో నీళ్ల ఫిల్టరులో 254 నానోమీటర్ల దీపం ఉంటుంది, అది సూక్ష్మజీవుల్ని చంపేది కూడా నేను కింద చెప్పబోయే పద్ధతిలోనే. కానీ దాన్ని విప్పి తరగతికి తీసుకురావద్దు. ఆ దీపం కళ్లకూ చర్మానికీ నిజంగా హాని చేస్తుంది.

ఇక కుట్టుపని. రెండు డజన్ల టిచ్ బటన్ జతలు, అంగుళం వెడల్పు నల్ల రిబ్బను రెండు మీటర్లు, ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ, పసుపు దారాలు, ఒక అట్ట పిన్నీసులు, కత్తెర. ప్రతి జతలో బొడిపె ఉన్నది ఒకటి, గుంట ఉన్నది ఒకటి ఉంటాయి కదా. డీఎన్ఏను రాసే అక్షరాలు నాలుగు, వాటినే క్షారాలు అంటాం. బొడిపెలు అడినిన్ (ఎ), గ్వానిన్ (జి). గుంటలు థైమిన్ (టి), సైటోసిన్ (సి). బొడిపె గుంటలోనే దిగుతుంది కాబట్టి పెద్ద క్షారానికి చిన్న క్షారం జత అనే నియమం మనం చెప్పకుండానే వస్తుంది. అడినిన్‌కు ఎర్రదారం, థైమిన్‌కు తెలుపు, గ్వానిన్‌కు ఆకుపచ్చ, సైటోసిన్‌కు పసుపు. దారం ముడి రిబ్బను వెనక వైపు వేయండి. అప్పుడు రెండు రిబ్బన్లూ ముఖాముఖి నొక్కి మూసినా రంగులు బయటికి కనిపిస్తాయి. బటనుకూ బటనుకూ మధ్య మూడు సెంటీమీటర్లు.

వరుస మీ ఇష్టం వచ్చినట్టు కుట్టకండి. నేను మొదటిసారి అలాగే కుట్టాను. "ఇది ఏ జన్యువు మేడం?" అని ముందు బెంచీ పిల్ల అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు పి53 అనే జన్యువులోంచి నిజమైన పదిహేను అక్షరాలు తీసుకుంటాను. పై రిబ్బను: ఎ టి జి, ఎ ఎ సి, సి జి జి, ఎ జి జి, సి సి సి. ఇది ఆ ప్రోటీనులో 246 నుంచి 250 దాకా ఉన్న అయిదు అమైనో ఆమ్లాలకు సంకేతం. కింది రిబ్బను దీనికి జత: టి ఎ సి, టి టి జి, జి సి సి, టి సి సి, జి జి జి.

రిబ్బన్లను మూడేసి ముక్కలుగా చేసి పిన్నీసులతో కలపండి, లేకపోతే ప్రతి తరగతికీ కొత్త రిబ్బను కత్తిరించాలి. పైదాన్ని నాలుగో బటను తర్వాతా, తొమ్మిదో బటను తర్వాతా. కిందిదాన్ని మాత్రం మూడో బటను తర్వాతా, తొమ్మిదో బటను తర్వాతా. ఎందుకంటే కింద నాలుగు, అయిదు స్థానాల్లో పక్కపక్కనే రెండు తెల్లదారాలు ఉన్నాయి, వాటి మధ్య పిన్నీసు పడితే పాఠం చెడుతుంది. నాకు చెడింది. విడిగా మధ్య ముక్కలు ఇంకో మూడు కుట్టి పెట్టుకోండి. ఒకటి పైదానికి సరైన నకలు: ఎ సి సి జి జి. ఒకటి కిందిది, మార్పుతో: టి టి ఎ ఎ సి సి. ఒకటి పైది, మార్పుతో: ఎ టి టి జి జి. మొత్తం ఇరవై మూడు జతలు పడతాయి, ఒకటి మిగులుతుంది. అది తప్పకుండా ఎక్కడో దొర్లిపోతుంది కాబట్టి మిగలడమే మంచిది.

తరగతిలో మొదట రెండు రిబ్బన్లూ మూయించండి. టిక్కు టిక్కుమని పదిహేను సార్లు. పిల్లలకు ఆ చప్పుడు ఎంత ఇష్టమో చెప్పలేను. తర్వాత కింది రిబ్బను మధ్యలో విప్పి, పక్కపక్కన ఉన్న రెండు తెల్ల గుంటల్ని చూపించండి. సూదిలో దారం ఎక్కించి ఆ రెంటినీ ఒకదానికొకటి లాగి కుట్టండి. సరిగ్గా రెండు కుట్లు. రెండే ఎందుకంటే థైమిన్‌లో అయిదో కార్బనుకూ ఆరో కార్బనుకూ మధ్య ఒక జంట బంధం ఉంటుంది. అతినీలలోహిత కాంతి పడినప్పుడు రెండు పొరుగు థైమిన్లలోని ఆ జంట బంధాలు తెరుచుకుని, అయిదు అయిదుతో, ఆరు ఆరుతో కలిసి నాలుగు కార్బన్ల చదరం కడతాయి. దాన్నే సైక్లోబ్యూటేన్ డైమర్ అంటారు. గడ్డకట్టించిన థైమిన్ ద్రావణం మీద అతినీలలోహితం పడేసి దీన్ని మొదట విడదీసి చూపినవాళ్లు నెదర్లాండ్స్‌కు చెందిన బ్యూకర్స్, బెరెండ్స్, 1960లో. మంచులో అయితే అణువులు పక్కపక్కన కదలకుండా పేర్చుకుని ఉంటాయి. ముడి పడాలంటే కావలసింది అదే.

ముడి పడటానికి పట్టే కాలం పికోసెకను స్థాయిలో ఉంటుంది. సెకనును లక్ష కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక భాగం. వెలుగు మిల్లీమీటరులో మూడో వంతు కూడా కదలని సమయం. అంత తక్కువ వ్యవధిలో డీఎన్ఏ మెలి తిరిగి సర్దుకోలేదు కాబట్టి, కాంతి తగిలిన క్షణానికి ఆ రెండు పొరుగు క్షారాలు సరైన కోణంలో ఉంటేనే ముడి పడుతుంది. లేకపోతే తీసుకున్న శక్తి వేడిగా మారి పోతుంది. చాలాసార్లు జరిగేది ఇదే. రిబ్బను పట్టుకుని ఊపుతూ ఈ మాట చెప్పండి, పిల్లలకు పట్టుబడుతుంది.

ఇప్పుడు రిబ్బన్లు మళ్లీ మూయమనండి. ముడిపడిన చోట మూసుకోవు. గుంటల మధ్య మూడు సెంటీమీటర్లు తగ్గిపోయాయి, అవతలి బొడిపెలు అలాగే ఉన్నాయి. రిబ్బను అక్కడ ఉబ్బుతుంది. నిజం డీఎన్ఏలో జత ఇంతగా ఊడిపోదు, సడలుతుంది. మన నమూనా కాస్త అతి చేస్తోందని పిల్లలకు చెప్పండి. నమూనాను నిజమని నమ్మించడం నాకు నచ్చదు. ఒకే కుట్టుతో, ఏటవాలుగా వేసే ముడి కూడా ఉంది, దాని పేరు 6-4. అది డీఎన్ఏను ఇంకా ఎక్కువగా వంచుతుంది. అందుకే కణం దాన్ని తొందరగా పసిగట్టి కొద్ది గంటల్లోనే తీసేస్తుంది. రెండు కుట్ల ముడి చదునుగా నక్కి ఉంటుంది. ఒక రోజు దాటినా కొన్ని మిగిలే ఉంటాయి.

తీసేయడం ఎలాగో కత్తెరతో చూపించాలి. ఇందుకు పై రిబ్బనులో పక్కపక్కన ఉన్న రెండు పసుపు గుంటలు, ఆరు, ఏడు స్థానాలవి, ముడి వేయండి. ఒక పిల్లవాడు కళ్లు మూసుకుని వేళ్లతో రిబ్బను తడుముతూ ఉబ్బు ఎక్కడుందో కనిపెట్టాలి. అది ఎక్స్‌పీసీ ప్రోటీను పని. ఇద్దరు అక్కడ రెండు రిబ్బన్లనూ విడదీసి పట్టుకోవాలి. ఇంకో ఇద్దరు, కత్తెర వీళ్లే, ముడికి అటూ ఇటూ పిన్నీసులు తీసి ముక్క బయటికి లాగాలి. మన కణాల్లో తీసేసే ముక్క 24 నుంచి 32 అక్షరాల పొడవుంటుంది, అంటే మన రిబ్బను మొత్తానికి దాదాపు రెట్టింపు. తర్వాత కింది రిబ్బను చూసి, దానికి సరిపోయే ముక్కను బల్ల మీద ఉన్న వాటిలోంచి వెతికి పెట్టాలి. అవతలి పోగు చెక్కుచెదరకుండా ఉండటమే ఈ మరమ్మతుకు ప్రాణం. ఈ పనిముట్లు ఏ వరుసలో ఎలా కత్తిరిస్తాయో తేల్చినందుకే టర్కీలో పుట్టిన అజీజ్ సాంకార్‌కు 2015లో రసాయనశాస్త్ర నోబెల్‌లో భాగం వచ్చింది.

ఒకసారి కత్తెర, పిన్నీసులు తీసే పిల్లలు లేకుండా ఆట ఆడించండి. ముడి అలాగే ఉండిపోతుంది. అలా పుట్టుకతోనే కత్తెర లేని పిల్లలు ఉన్నారు. జబ్బు పేరు జీరోడెర్మా పిగ్మెంటోసమ్. లోపం మరమ్మతులోనే ఉందని 1968లో జేమ్స్ క్లీవర్ చూపించాడు. ఇరవై ఏళ్ల లోపు వాళ్లలో మెలనోమా (రంగు కణాల్లో పుట్టే క్యాన్సర్) కాని చర్మ క్యాన్సర్ల ముప్పు మామూలు వాళ్లకంటే పదివేల రెట్లకు పైనే. తల్లి నుంచీ తండ్రి నుంచీ చెడిన జన్యువు వస్తేనే ఈ జబ్బు వస్తుంది కాబట్టి, మేనరికాలు మన దగ్గర ఎక్కువన్న మాట నేను తరగతిలో దాటవేయను. ఎవరి ఇంటినీ వేలెత్తి చూపకుండా, బొమ్మ గీసి చెబుతాను.

అసలు పాఠం ఇక్కడి నుంచి. ముడి అంటే ఇంకా క్యాన్సర్ కాదు, మార్పు కూడా కాదు. కణం విభజన చెందే ముందు డీఎన్ఏను నకలు తీసుకుంటుంది, తప్పు పుట్టేది ఆ నకల్లో. ముడి దగ్గర మామూలు నకలు యంత్రం ఆగిపోతుంది. అప్పుడు పాలిమరేజ్ ఈటా అనే ఇంకొక ఎంజైము వస్తుంది. ముడిపడ్డ రెండు థైమిన్లు కనిపిస్తే ఎదురుగా రెండు అడినిన్లు పెట్టి దాటేస్తుంది. ఒక పిల్లను ఆ ఎంజైముగా నిలబెట్టి, "రెండు తెల్లవి ముడిపడి ఉంటే ఎదురుగా రెండు ఎర్రవి" అని ఒకే ఆజ్ఞ ఇవ్వండి. కింది రిబ్బనులోని తెల్ల జంటకు ఎదురుగా ఎర్ర జంట. సరైన జవాబే! ఎండలో ఎక్కువగా పడే ముడి తెల్ల జంటల్లోనే, కానీ దానివల్ల తప్పు పుట్టడం తక్కువ. ఈ ఎంజైము లేని వాళ్లకు కత్తెర బాగానే ఉన్నా అదే జబ్బులో వేరియంట్ అనే రకం వస్తుంది.

ఇప్పుడు పసుపు జంటకు రండి. సైటోసిన్ ముడిలో ఇరుక్కుంటే దాని జంట బంధం పోతుంది, దాంతో పక్కనున్న అమైనో గుంపు సులువుగా ఊడిపోతుంది. మామూలు సైటోసిన్‌కు ఇది ఎంతో అరుదుగా జరిగే పని. ముడిలో ఉన్నదానికి గంటల్లో జరుగుతుంది. ఊడాక మిగిలేది యురాసిల్, చదివేవాళ్లకు థైమిన్ లాగే కనిపిస్తుంది. కాబట్టి పసుపు దారం ముడుల మీద తెల్లదారం రెండు చుట్లు చుట్టండి. ఎంజైము పిల్లను మళ్లీ పిలవండి. తెల్లవి కనిపించాయి, ఎర్రవి పెట్టింది. తన ఆజ్ఞ తను పాటించింది. కింద ఇప్పుడు టి టి జి జి సి సి బదులు టి టి ఎ ఎ సి సి. రెండో సారి నకలు తీయించండి, ఈసారి ఆ కొత్త కింది ముక్కను చూసి. పైన ఎ సి సి జి జి ఉండాల్సిన చోట ఎ టి టి జి జి వస్తుంది. ఎక్కడా ఉబ్బు లేదు. పదిహేను బటన్లూ టిక్కుమని మూసుకుంటాయి. కళ్లు మూసుకుని తడిమే పిల్లవాడికి ఇక ఏమీ దొరకదు.

తరగతి నిశ్శబ్దమయ్యేది ఇక్కడే. కాసేపు అలాగే ఉండనివ్వండి.

పక్కపక్కన రెండు సిలు రెండు టిలుగా మారడం అతినీలలోహితం వేలిముద్ర. మిగతా కారణాల వల్ల దాదాపుగా రాదు. 1991లో డగ్లస్ బ్రాష్ బృందం 24 పొలుసుల కణ చర్మ క్యాన్సర్లు పరిశీలిస్తే 14 గడ్డల్లో పి53 చెడి ఉంది, వాటిలో కొన్నిటిలో ఈ ముద్ర కనిపించింది. మన రిబ్బనులో చూడండి. ఎ ఎ సి కాస్తా ఎ ఎ టి అయింది. అదీ ఇదీ ఒకే అమైనో ఆమ్లానికి సంకేతం, నష్టం లేదు. కానీ సి జి జి, టి జి జి అయింది. 248వ స్థానంలో ఆర్జినిన్ పోయి ట్రిప్టోఫాన్ వచ్చింది. ఆ ఆర్జినిన్ డీఎన్ఏ గాడిలోకి వేలు దూర్చి పట్టుకునేది. పి53 మొత్తం పని ఆ పట్టు మీదే ఆధారపడింది. ఎక్కువ ముడులు పడిన కణాన్ని ఆపడం, కుదరకపోతే చంపేయడం దాని పని. పట్టు పోయిన కణం చావాల్సిన చోట చావదు.

తర్వాత ఏమవుతుందో చూపడానికి బటన్లు పనికిరావు. నేల మీద పదికి పది చుక్కల ముగ్గు పెట్టండి. ఒక చుక్క మీద కుంకుమ వేయండి. పిల్లలు ఒక్కొక్కరూ వచ్చి "ఎండ" అంటూ తడి వేలితో పది తెల్ల చుక్కలు చెరపాలి. కుంకుమ చుక్కను తాకకూడదు, అది చావదు కదా. ఖాళీ అయిన చోటుకు పక్కన ఏ చుక్క ఉంటే దాని రంగు నింపాలి. ఏడెనిమిది మంది వచ్చేసరికి మధ్యలో ఎర్రటి మచ్చ పెరుగుతుంది. ఎండ ఇప్పుడు రెండో పని చేస్తోంది, ఆరోగ్యంగా ఉన్న పొరుగు కణాల్ని చంపి చోటు ఖాళీ చేస్తోంది. 2015లో ఇంగ్లండులోని శాంగర్ సంస్థ వాళ్లు నలుగురి కనురెప్పల మామూలు చర్మం తీసి చూస్తే, 18 నుంచి 32 శాతం కణాల్లో అప్పటికే క్యాన్సర్ వైపు నెట్టే మార్పులు ఉన్నాయి. గడ్డ లేదు, మచ్చ లేదు. ఒక మార్పుతో క్యాన్సర్ రాదనీ, మార్పులు ఒకే కణంలో పోగుపడాలనీ చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఈ పాఠం చెబితే ఒక ప్రశ్న ఖాయంగా వస్తుంది. ఒక ఏడాది అది ఇలా వచ్చింది: "మా నాన్న చినగంజాంలో ఉప్పు మడుల్లో పాతికేళ్లుగా పని చేస్తున్నారు. ఆయనకు ఎందుకు రాలేదు మేడం?" మంచి ప్రశ్న, దాటవేయకండి. చర్మకణం తనకు రంగునిచ్చే మెలనిన్ గింజల్ని ఎక్కడపడితే అక్కడ చల్లుకోదు. కేంద్రకానికి సరిగ్గా పైన, ఎండ వచ్చే వైపు, టోపీ పెట్టినట్టు పేరుస్తుంది. మన నల్లటి చర్మంలో ఆ టోపీ దట్టంగా ఉంటుంది. అందుకే మన దేశంలో మొత్తం క్యాన్సర్లలో చర్మానివి తక్కువ. పుట్టుకతో మెలనిన్ లేని వాళ్లకు ఆ రక్షణ లేదు, వాళ్లు తరగతిలో ఉంటే కిటికీ పక్క చోటు ఇవ్వకండి. అరికాళ్లలో, అరచేతుల్లో వచ్చే మెలనోమా మనవాళ్లలోనూ కనిపిస్తుంది, దానికి ఎండ కారణం కాదు. అంతా ఒకే గాటన కట్టకూడదు. మెలనిన్ కూడా పూర్తిగా మంచిదే అనలేం. ఎ రకం కిరణాలు తగిలాక, కొంత మెలనిన్ ఉత్తేజం పొంది, చీకట్లో కూడా మూడు గంటలకు పైగా కొత్త ముడులు వేస్తూ ఉంటుందని 2015లో తేలింది. వాన వెలిశాక చెట్టు కింద నిలబడితే చినుకులు రాలినట్టు.

ఆ అమ్మాయికి ఇంటికి ఒక పని ఇచ్చి పంపాను. నీడ కొలవడం. మన నీడ మనకంటే పొట్టిగా ఉన్న వేళల్లో బి రకం బలంగా ఉంటుంది, అప్పుడు తలపాగా, పొడుగు చేతుల చొక్కా. మా ప్రాంతంలో మధ్యాహ్నం నీడ కాళ్ల కిందకే వచ్చే రోజులు ఏడాదికి రెండుసార్లు, మే మొదటి వారంలో, ఆగస్టు మొదటి పక్షంలో. ఆగస్టులో మబ్బు పట్టి చల్లగా ఉంటుంది, ఎండ లేదనుకుంటాం. మబ్బు విడిందంటే సూర్యుడు మేలో ఉన్న చోటే ఉన్నాడు. వేడికీ దీనికీ పొత్తు లేదన్న మొదటి మాట దగ్గరకు పిల్లల్ని మళ్లీ తీసుకురావడానికి ఆ రెండు కొలతలూ చాలు.

పాఠం అయ్యాక ముడులు విప్పి, రిబ్బన్లు మూసి, డబ్బాలో పెట్టండి. ఎ టి టి జి జి ముక్కను మాత్రం నేను తీయను. రిబ్బనులోనే ఉంచి, వచ్చే ఏడాది పిల్లల చేతికి మొదటి రోజే ఇచ్చి, ఇందులో ఎక్కడైనా చెడిపోయిందా చూడమంటాను. అటూ ఇటూ తిప్పి, మూసి, లాగి చూసి, "బాగానే ఉంది మేడం" అని తిరిగి ఇచ్చేస్తారు.